దెయ్యాలక్క అలమర

ఆ లైబ్రరీలో ఆవిడకు దెయ్యాలక్క అని పేరు పడిపోయింది. ఆ పేరు పెట్టిందెవరో తెలియదు గానీ, దొరికితే మాత్రం ఆవిడ చేతిలో వాడికి మూడినట్టే. అవి దెయ్యాల కథలు కావు మొర్రో అని ఎంత నెత్తీ నోరూ కొట్టుకున్నా వినే నాథుడు లేడు. అవి బొమ్మల నవలలు. పెద్దవాళ్ళ కోసం పెద్దవాళ్ళు గీసినవి, రాసినవి. వాటిలో చీకటి ఎక్కువ, నిజమే. చచ్చినవాళ్ళు లేచి మాట్లాడతారు, ఇళ్ళు వాటంతటవే గదులు పెంచుకుంటాయి, నీడలు మనుషుల్ని వదిలి వెళ్ళిపోతాయి. అంతమాత్రాన దెయ్యాలేనా? అయినా "దెయ్యాలక్క ఉందా?" అని గుమ్మంలోంచే అడిగేవాళ్ళు, ఆవిడ ఎదురుగా కౌంటరు వెనక కూర్చుని ఉండగానే.

పుస్తకం ఇవ్వటం, తిరిగి తీసుకోవటం, తేదీ ముద్ర వెయ్యటం, చిరిగినదానికి టేపు అంటించటం, ఇదీ ఆవిడ ఉద్యోగం. ఆ నాలుగు పనులూ చేసుకుని ఇంటికి పోతే ఎవరూ ఏమీ అనరు. కానీ ఆవిడ ప్రాణమంతా హాలు చివర నీళ్ళ కూలరు పక్కనున్న ఇనప అలమర మీదే ఉండేది. ఏటా కొత్త పుస్తకాలు కొనే రోజుల్లో పాత లైబ్రేరియన్ గారి వెంటపడి, ఆయన "సరే తల్లీ, నీకో దణ్ణం" అనేదాకా వదలకుండా, ఒక్కొక్కటే తెప్పించి నింపిన అలమర అది. ఒకసారి కూలరు కారి కింది అర తడిస్తే, ఆ పుస్తకాలన్నీ ఇంటికి మోసుకుపోయి, పేజీకీ పేజీకీ మధ్య పాత పేపరు ముక్కలు పెట్టి ఆరబెట్టుకొచ్చింది. ఆ వారమంతా ఇంట్లో మంచాల మీద మనుషులకు చోటు లేదు.

ఇక పుస్తకం సిఫారసు చెయ్యటమంటే ఆవిడకు మందు రాసివ్వటం లాంటిది. మనిషి తలుపు ఎలా తోసుకుని వస్తున్నాడో చూసి, ఏ కథ పనికొస్తుందో తేల్చేసేది. గడియారం వంక చూసి నిట్టూర్చే గుమాస్తాకు, ఊళ్ళో వాళ్ళ సాయంత్రాలను మింగి బతికే గంటస్తంభం కథ. అత్తగారి పోరు పడలేక పేపరు చదివే నెపంతో వచ్చి కూర్చునే కొత్త కోడలికి, అబద్ధం ఆడినప్పుడల్లా ఒక గది పెరిగే ఇంటి కథ. కుర్చీలోంచి లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, చేతులు తిప్పుతూ మొదలుపెట్టేది. గొంతు ఒకసారి నేలకు దించేది, ఒకసారి ఫ్యానుదాకా లేపేది. అవతలివాళ్ళు నోరు తెరుచుకుని వినేవాళ్ళు. అంతా అయ్యాక "అబ్బ, ఎంత బాగుందక్కా" అని, కళ్ళు తుడుచుకుని, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు. పుస్తకం మాత్రం అలమరలోనే ఉండేది.

దానితో ఆవిడకు ఒళ్ళు మండిపోయేది. "బొమ్మలంటే చిన్నచూపు. బొమ్మ ఉంటే చాలు, అది పిల్లలదే అనుకుంటారు. బొమ్మ లేకుండా ఇంత లావు పుస్తకం ఇస్తే చదవకపోయినా చంకలో పెట్టుకుని తిరుగుతారు" అని ఇంటికి వెళ్ళి విసుక్కునేది. వినటానికి ఇంట్లో కూతురొక్కతే ఉండేది. భర్తకు ఎప్పుడూ రాత్రి డ్యూటీయే. ఆ పిల్ల డిగ్రీ మొదటి ఏడాది చదువుతోంది, తల్లి విసుగు అన్నంలో ఉప్పులాగా రోజూ ఉండేదే కాబట్టి పట్టించుకునేది కాదు.

పాత లైబ్రేరియన్ రిటైరై కొత్తాయన వచ్చాడు. చెడ్డవాడేం కాదు. కాకపోతే ఏ వస్తువు ఎక్కడుండాలో అక్కడుండాలంటాడు. వచ్చిన వారంలోనే, ఆవిడ సెలవులో ఉన్న రోజు చూసి, "బొమ్మల పుస్తకాలు ఇక్కడెందుకున్నాయి?" అని ఆ అలమరలోంచి ఒక చేతికి పట్టినన్ని తీసి పిల్లల గదిలో పెట్టించాడు. వాటిలో అట్ట మీద ముద్దొచ్చే నల్ల మేక ఉన్నదొకటి ఉంది. ఆ మేక ఊరి మీద పడి మనుషుల పేర్లు తినేస్తుంది. పేరు పోయిన పిల్లను కన్నతల్లే గుర్తుపట్టక తలుపు వేసేసుకుంటుంది. ఒక మహాతల్లి దాన్ని తీసుకెళ్ళి పడుకునేముందు తన బుజ్జిదానికి చదివి వినిపించింది. అప్పట్నుంచీ ఆ బుజ్జిది రాత్రంతా పది నిమిషాలకోసారి లేచి "నా పేరేంటి?" అని అడుగుతోందట. ఆ తల్లి నిద్రలేని కళ్ళతో వచ్చి పుస్తకాన్ని కౌంటరు మీద విసిరికొట్టి, దెయ్యాలక్కను నిలబెట్టి కడిగేసింది.

"పిల్లల గదిలో పెట్టింది నేను కాదమ్మా" అందామని దెయ్యాలక్క లైబ్రేరియన్ వంక చూసింది. ఆయన అప్పటికే పై కప్పు వంక చూస్తున్నాడు.

ఆ సాయంత్రం ఆయన కంప్యూటరు ముందు కూర్చుని ఆ అలమర జాతకమంతా తీశాడు. "రెండేళ్ళలో ఇందులోంచి బయటికి వెళ్ళినవి చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మరి ఎవరి కోసం ఉంచినట్టు? పోటీ పరీక్షల గైడ్లకు చోటు లేక నేల మీద పేరుస్తున్నాం" అన్నాడు.

"మంచివి సార్. జనానికి రుచి తెలియటం లేదు."

"రుచి సంగతి నాకు తెలియదమ్మా. రెండు వారాలు చూద్దాం. రెండో వారం శనివారం మూసే వేళకు సగం పుస్తకాలు పాఠకుల ఇళ్ళలో ఉంటే అలమర ఉంటుంది. లేకపోతే పాత కాగితాలవాడికి వేసేద్దాం. మీరే చెప్పండి, అన్యాయమా?"

అన్యాయమే. కానీ ఆ మాట అనటానికి సాకు దొరక్క ఆవిడ పళ్ళు నూరుకుని ఊరుకుంది.

మర్నాటి నుంచి చూడాలి ఆవిడ హడావుడి. తాగేనీళ్ళ కోసం కూలరు దగ్గరికి వచ్చినవాళ్ళను కూడా వదల్లేదు. గ్లాసు నిండేలోగా సగం కథ, తాగేలోగా మిగతా సగం. గంటస్తంభం కథ చెప్పీ చెప్పీ గొంతు బొంగురు పోయింది. విన్నవాళ్ళందరూ మెచ్చుకున్నారు. తీసుకెళ్ళినవాడు లేడు.

ఆవిడ కథలకు అందరికంటే నమ్మకమైన శ్రోత ఎదురు సెలూన్ బాబాయి. మధ్యాహ్నం బేరాలు లేని వేళ వచ్చి, ఫ్యాను కింద పేపరు పట్టుకుని కూర్చుని, ఆవిడ చేతిలో పని తగ్గగానే "ఇవాళేమిటమ్మాయ్?" అనేవాడు. మధ్యలో అడ్డు తగలడు, ఆవలించడు. ఒక్కోసారి మాత్రం "ఆ పిల్ల చేతిలో దీపం ఏ చేతిలో ఉంది?" లాంటి ప్రశ్నలు వేస్తాడు. విన్న కథను విన్నట్టు తన కుర్చీలో కూర్చున్నవాళ్ళకు చెబుతాడు. అయితే గడ్డం గీయటానికి పట్టే సమయం కథకు చాలదు. కథ మంచి పట్టులో ఉండగా గడ్డం అయిపోతుంది. "లేవండి, వెనకాల మనిషున్నాడు" అని దుప్పటి దులిపేస్తాడు.

అలా సగం కథతో లేచినవాళ్ళు చెంపల మీద పటిక తడితో నేరుగా రోడ్డు దాటి లైబ్రరీకి రావటం మొదలుపెట్టారు. "అక్కా, మేక బడిలోకి దూరిందట కదా, ఆ తరవాత?" అని ఒకడు. "ఆ ఇంట్లో చివరి గది ఎవరు తెరిచారు?" అని ఇంకొకడు. ఇంతకంటే ఏం కావాలి? వరం నడిచి ఇంటికొచ్చినట్టు కాదూ? పుస్తకం చేతిలో పెట్టి, ముద్ర కొట్టి, పంపించెయ్యాలి కదా?

నోట్లో నువ్వుగింజ నానని మనిషికి అంత బుద్ధి ఎక్కడిది? "బడిలో హాజరు పిలుస్తున్నారు కదా, మేక వెనక బెంచీలో కూర్చుంది..." అని అందుకునేది. పావుగంటలో ముగించేది. "హమ్మయ్య, ఇప్పుడు నిద్ర పడుతుంది" అని వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. వెళ్ళాక ఆవిడకు అలమర గుర్తొచ్చేది. "వీళ్ళ మొహం మండ, ఒక్కడికైనా చదవాలని ఉండదా?" అని వాళ్ళనే తిట్టుకునేది. తప్పు ఎక్కడుందో ఆవిడకు తప్ప ఆ గదిలో కుర్చీలకు కూడా తెలుసు.

గడువులో ఒక వారం గడిచిపోయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడ కూతురి మీద పడింది.

"ఊళ్ళో వాళ్ళ సంగతి సరే, నువ్వయినా ఒక్కటి తీసుకోవే. కార్డు ఉందిగా. కన్నకూతురు కూడా ముట్టుకోకపోతే ఇంకెవరు ముట్టుకుంటారు?"

"ఏది తీసుకోమంటావు?"

"ఏదైనా. గంటస్తంభం తీసుకో."

"చివర్లో గంటలు కొట్టేవాడే స్తంభం అయిపోతాడు."

"పోనీ, నీడల కథ."

"నీడలన్నీ కలిసి ఒక మనిషిని కొనుక్కుంటాయి." కూతురు కంచంలోంచి తలెత్తింది. "అమ్మా, ఆ అలమరలో నాకు తెలియని కథ ఒక్కటుంటే చెప్పు, రేపే తెచ్చుకుంటాను. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అన్నీ నువ్వే చెప్పేశావు. మాకు చదువుకోవటానికి ఏం మిగిల్చావు?"

ఆ పిల్ల కోపంగా కూడా అనలేదు, మజ్జిగ పోసుకుంటూ మామూలుగా అంది. తల్లి నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళుగా ఎవరెవరిని తిట్టుకుందో వాళ్ళందరూ వరసగా గుర్తొచ్చారు. వాళ్ళెవరికీ బొమ్మలంటే చిన్నచూపు లేదు. కడుపు నిండా పెట్టి పంపించి, మళ్ళీ ఆకలెందుకు వెయ్యలేదని వాళ్ళ మీద కారాలు మిరియాలు నూరింది తనే. ఆవిడకు ఏడుపూ నవ్వూ రెండూ రాలేదు, తన మీద తనకు అసహ్యం పుట్టేంత కోపం మాత్రం వచ్చింది.

మర్నాటి నుంచి ఆవిడ నోరు కుట్టేసుకుంది.

అది ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుస్తుంది. ఎవరైనా వచ్చి "తరవాత ఏమైందక్కా?" అంటే పెదాలు బిగబట్టి పుస్తకం ముందుకు తోసేది. చేతులు కథ చెప్పటానికి లేవబోతే కౌంటరు కింద పెట్టుకునేది. "ఒంట్లో బాగాలేదా?" అని కొందరు, "పొగరెక్కిందిరా" అని కొందరు అనుకున్నారు. కొత్త కోడలు అలిగి మాట్లాడటం మానేసింది. కానీ పుస్తకాలు కదిలాయి. అలమరలో సందులు పడ్డాయి. గుమాస్తా ఇంటి కథ పట్టుకెళ్ళాడు, కొత్త కోడలు అలిగి కూడా నీడల కథ తీసుకుపోయింది. ఒక్కో సందు చూసినప్పుడల్లా సంతోషించాల్సింది పోయి ఆవిడ మొహం ముడుచుకునేది. చెప్పని కథలు లోపల అరగక కూర్చున్నాయి.

సెలూన్ బాబాయి సంగతి మరీ ఇబ్బంది అయింది. నోరు కుట్టుకోకముందు రోజే ఆయనకు పడవ కథ మొదలుపెట్టింది. అది అలమరలోకల్లా పెద్దది, ఐదు భాగాలు. చచ్చిపోయినవాళ్ళను ఏరు దాటించే ఒక పడవమ్మ. రోజూ చీకటి పడే వేళకు మనుషులు వచ్చి కూర్చుంటారు, ఆమె తెడ్డు వేస్తుంది, అవతలి ఒడ్డున దింపి ఖాళీ పడవతో తిరిగి వస్తుంది. ఎవరి మొహమూ చూడదు. ఒక రోజు పడవ మరీ తేలిగ్గా ఉందే అని వెనక్కి తిరిగి చూస్తుంది. కూర్చున్నది తన కూతురు. నడి ఏట్లో ఆమె తెడ్డు లోపల పెట్టేస్తుంది. అటు ఒడ్డుకు పోనివ్వదు, ఇటు రానివ్వదు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి లైబ్రేరియన్ గారు పిలిచారు. కథ అక్కడే ఆగింది.

తరవాతి రోజు బాబాయి వచ్చి "పడవ ఏమైందమ్మాయ్?" అన్నాడు. ఆవిడ నాలిక కరుచుకుని, లేచి వెళ్ళి, ఆగిన చోటు నుంచి మొదలయ్యే భాగం తెచ్చి ముద్ర కొట్టి చేతిలో పెట్టింది. "మీరే చదువుకోండి బాబాయ్. ఇన్నాళ్ళూ నేను చెప్పి చెడగొట్టాను." ఆయన పుస్తకం వంకా, ఆవిడ వంకా చూశాడు. ఏదో అనబోయి, రెండు చేతులతో దాన్ని తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ తరవాత రాలేదు. ఆవిడ దానికి బాధపడలేదు, ఒక పుస్తకం బయటికి వెళ్ళిందని లెక్క వేసుకుంది. అలా లెక్క వేసుకున్నందుకు తరవాత తన్ను తాను చాలా తిట్టుకుంది.

గడువు శనివారం సాయంత్రం. సగానికి ఇంకా నాలుగంటే నాలుగే తక్కువ. ఆ నాలుగూ కౌంటరు మీదే ఉన్నాయి, పడవ కథలో మిగిలిన నాలుగు భాగాలు. మోటారు వర్క్‌షాపు నుంచి నలుగురు మెకానిక్కులు గడ్డాలు గీయించుకుని, సగం కథ విని, చేతులు సబ్బుతో రుద్దుకుని మరీ వచ్చారు. తలా ఒక భాగం తీసుకుని మార్చుకుంటారట. కార్డులు కూడా చేతుల్లో ఉన్నాయి. కానీ కంప్యూటరు ఎప్పుడు పనిచెయ్యాలో అప్పుడే మొరాయించింది. తెర మీద ఒక చక్రం గిర్రున తిరుగుతోంది. "ఆపి మళ్ళీ వెయ్యండి, పది నిమిషాలు పడుతుంది" అన్నాడు లైబ్రేరియన్ తన గదిలోంచి.

ఆ పది నిమిషాల్లోనే సెలూన్ బాబాయి వచ్చాడు. పుస్తకాన్ని కౌంటరు మీద పెట్టి, అట్టను అరచేత్తో తుడిచాడు.

"చదివారా బాబాయ్?"

"నాకు చదువు రాదమ్మాయ్."

ఆవిడ ఫ్యాను కింది కుర్చీ వంక చూసింది. "రోజూ పేపరు..."

"ఫ్యాను కింద ఊరికే కూర్చుంటే బాగోదని పట్టుకుంటాను." ఆయన సిగ్గుపడలేదు, బాధపడలేదు, ఉన్న మాట చెప్పాడు. "బొమ్మలన్నీ చూశాను. పడవ ఉంటుంది, వాళ్ళిద్దరూ ఉంటారు. చాలా పేజీలు అంతే. ఎందుకు కదలదో అర్థం కాలేదు. ఇంట్లో మీ పిన్నికి నువ్వు చెప్పినవన్నీ రాత్రిపూట నేను చెబుతుంటాను. మంచం మీద పడి ఏడాదైంది కదా, దానికి అదొక్కటే కాలక్షేపం. ఈ వారం నుంచీ పడవేమైంది, పడవేమైంది అని అడుగుతోంది. కల్పించి చెబుదామంటే నాకు చేతకాదు. డాక్టరు ఇంక ఇంటి దగ్గరే ఉంచుకోమన్నాడు."

"కూర్చోండి బాబాయ్, వీళ్ళను పంపించేసి చెబుతాను. పది నిమిషాలు."

"పక్కింటావిడను కూర్చోబెట్టి వచ్చాను. ఎక్కువసేపు ఉండలేదు. పోనీలే, రేపో ఎల్లుండో వస్తాను" అని ఆయన వెనక్కి తిరిగాడు.

రేపో ఎల్లుండో. ఆవిడ తెర వంక చూసింది, చక్రం తిరుగుతూనే ఉంది. మెకానిక్కుల వంక చూసింది, ఆ నలుగురూ అప్పటికే చెవులు రిక్కించి ఉన్నారు. ఆవిడకు ఎవరిని తిట్టాలో తెలియలేదు. కంప్యూటరునా, రూలు పెట్టినాయన్నా, వారం కిందటే ఈ ముక్క నోరు తెరిచి చెప్పని ఈ పెద్దమనిషినా?

"ఆగండి బాబాయ్" అంది. గొంతు బాగా తగ్గించి మొదలుపెట్టింది. ఆ గొంతుకు తగ్గటం ఏనాడు తెలుసు గనక? రెండు మాటలకే లేచి నిలబడింది. చేతులు కౌంటరు కిందినుంచి బయటికి వచ్చేశాయి.

నడి ఏట్లో ఏళ్ళు గడిచిపోతాయి. ఒడ్డున చచ్చినవాళ్ళు దీపాలు పట్టుకుని బారులు తీరి ఎదురుచూస్తుంటారు, దాటించేవాళ్ళు లేక. తల్లి కూతురికి జడ వేస్తుంది, విప్పుతుంది, మళ్ళీ వేస్తుంది. కూతురు ఎదగదు, నవ్వదు. నీళ్ళలో చెయ్యి పెట్టి కూర్చుంటుంది. ఒక రోజు "అమ్మా, నాకు చలేస్తోంది. ఇక్కడ బాగాలేదు" అంటుంది. అదే ఆ పిల్ల మొదటి మాట. తల్లి అప్పుడు తెడ్డు తీస్తుంది.

అక్కడ ఆవిడ ఆగింది. తరవాతిది చెప్పాలా? తియ్యటి ముగింపు కావాలని అడిగినవాళ్ళతో ఎన్నిసార్లు పోట్లాడిందో. చీకటి కథను చీకటిగానే చెప్పాలి, అందులో సగం వెలుతురు కలిపితే అది కథకు ద్రోహమని ఎన్నిసార్లు అందో. ఇప్పుడు ఎదురుగా ఉన్న మనిషి ఈ మాటలను మోసుకుపోయి మంచం పక్కన కూర్చుని చెబుతాడు. పడవను ఇటు తిప్పేసిందని చెబితే ఏం పోయింది? ఆవిడ నోరు తెరిచి, అబద్ధం ఆడలేకపోయింది.

"దాటించేస్తుంది బాబాయ్. అవతలి ఒడ్డున దింపి, ఒక్కతే తిరిగొస్తుంది."

ఆయన తల ఊపాడు.

"మీ పిన్ని అదే అంది. ఎంతకాలమని నడిమధ్యన కూర్చోబెడుతుంది, దాటించెయ్యమను అంది. నేనే, కాదు వెనక్కి తెస్తుంది చూడు అని వాదిస్తున్నాను." "సరే. వెళ్ళి చెబుతాను, నువ్వన్నదే నిజమైందని."

ఆయన రోడ్డు దాటి వెళ్ళేదాకా ఆవిడ కిటికీలోంచి చూస్తూ నిలబడింది. ఇటు తిరిగేసరికి కంప్యూటరు పనిచేస్తోంది. మెకానిక్కులు నలుగురూ భాగాలను ఒకదాని మీద ఒకటి సర్ది కౌంటరు మీద పెట్టేశారు. వాళ్ళలో పెద్దవాడు కళ్ళు తుడుచుకుని, "ఇంకేం చదువుతాం అక్కా, అయిపోయిందిగా. చాలా బాగుంది" అన్నాడు. ఈసారి ఆవిడ వాళ్ళను తిట్టుకోలేదు. వాళ్ళు కార్డులు జేబుల్లో పెట్టుకుని వెళ్ళిపోయారు.

లైబ్రేరియన్ తాళాలగుత్తితో వచ్చి, అలమర చూసి, తెర చూసి, నాలుగు తక్కువని చెప్పాడు. బాబాయి తెచ్చింది కలిపితే ఐదు, అదీ ఆ నలుగురిలో ఒకరు పట్టుకెళ్ళేవాళ్ళే. ఆయనకూ కష్టంగానే ఉన్నట్టుంది, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

"ఇంకో పది నిమిషాలు నోరు ఆపుకుంటే సరిపోయేది కదమ్మా?"

"నాకు సరిపోయేది సార్" అంది ఆవిడ, పాత కాగితాలవాడి కోసం సంచీ విప్పి మొదటి పుస్తకం అందులో పెడుతూ. "ఆవిడకు సరిపోయేది కాదు."

"ఏ ఆవిడకు?"

ఆ కథ మాత్రం ఆవిడ ఆయనకు చెప్పలేదు.